లోపం కుడివైపు కనిపించింది, కారణం ఎడమవైపు దొరికింది: రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ మీద ఒక కేస్ స్టడీ

ఇది ఒక సైనిక రవాణా విమానం మీద వచ్చిన స్నాగ్ (క్రూ లాగ్ బుక్‌లో రాసే లోపం) గురించి. విమానం రకం, యూనిట్, స్థావరం, సంవత్సరం చెప్పడం లేదు. పనిచేసినవాళ్లను గుర్తుపట్టే వివరాలూ తీసేశాను. సాంకేతిక విషయం మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. టర్బోప్రాప్‌ల (టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిప్పే విమానాల) మీద కొత్తగా పనిలోకి వచ్చే కుర్రవాళ్లకు ఈ కేసు తప్పకుండా చెబుతాను. ఎందుకంటే ఇందులో ఏ భాగమూ విరగలేదు, కాలలేదు, పగలలేదు. అయినా విమానం రన్‌వే మీదికి వంకరగా వస్తూనే ఉంది.

నేపథ్యం

రెక్కకో ఇంజిన్ చొప్పున రెండు ఇంజిన్లు. ఒకే షాఫ్ట్ రకం. అంటే వేడి వాయువుతో తిరిగే టర్బైన్, గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్, చుట్ల వేగం తగ్గించే రిడక్షన్ గేర్ మీదుగా ప్రొపెల్లర్ అన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి. రోల్స్ రాయిస్ డార్ట్, గారెట్ టీపీఈ331, ఇవ్‌చెంకో ఏఐ-20 ఈ కుటుంబానివే. 1961 నవంబర్ 1న కాన్పూర్‌లో తొలిసారి ఎగిరిన మన హెచ్‌ఎస్ 748 ఆవ్రోకు ఉన్నది డార్టే. విక్రాంత్ డెక్ మీంచి ఎగిరిన అలీజే ముక్కులో ఉన్నదీ డార్టే. పీటీ6 లాంటి ఫ్రీ టర్బైన్ ఇంజిన్లలో ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేరు, కంప్రెసర్‌ను తిప్పేది వేరు. అక్కడ ఎదురుగాలి ప్రొపెల్లర్‌ను తిప్పినా ఆ భారం కంప్రెసర్ దాకా పోదు. ఒకే షాఫ్ట్ ఇంజిన్‌లో అలా కుదరదు. గాలి ప్రొపెల్లర్‌ను తిప్పిందంటే కంప్రెసర్ కూడా తిరగాల్సిందే. దానికయ్యే శక్తి విమానం వేగంలోంచి పోవాల్సిందే.

ఈ ఒక్క సంగతి బుర్రకెక్కకపోతే టర్బోప్రాప్ రోగాలు అర్థం కావు. అందుకే పాఠం మొదలుపెట్టేటప్పుడు తొలినాటి చరిత్ర చెబుతాను. బుడాపెస్ట్‌లో గాంజ్ కర్మాగారంలో జ్యార్జ్ యెండ్రాషిక్ తయారుచేసిన సీఎస్-1 ఇంజిన్ 1940 ఆగస్టులో తొలిసారి తిరిగింది. 15 దశల కంప్రెసర్, 11 దశల టర్బైన్, నిమిషానికి 13,500 చుట్లు. రెండు ఇంజిన్ల వర్గా ఆర్‌ఎంఐ-1 అనే హంగేరీ సైనిక విమానానికి అనుకున్నది. వెయ్యి హార్స్‌పవర్ కోసం గీస్తే, దహనం సరిగా కుదరక 400 దగ్గర ఆగిపోయింది. 1941లో హంగేరీ సైన్యం పిస్టన్ ఇంజిన్ల మెస్సర్‌ష్మిట్ 210 వైపు మొగ్గడంతో పని మూలపడింది. టర్బైన్ పుట్టించే శక్తిలో సింహభాగం కంప్రెసరే తినేస్తుంది. ప్రొపెల్లర్‌కు అందేది మిగులు. దహనంలో కొంచెం తేడా వచ్చినా మిగులు ఎంత కుంచించుకుపోతుందో చెప్పడానికి సీఎస్-1ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఆ తరువాత 1945 సెప్టెంబర్ 20న ఇంగ్లండ్‌లోని చర్చ్ బ్రాటన్ నుంచి ఒక గ్లాస్టర్ మీటియర్ ఎగిరింది. జెట్ ఫైటర్ అది. దాని డెర్వెంట్ ఇంజిన్లకు రిడక్షన్ గేర్, ఐదు రెక్కల రోటాల్ ప్రొపెల్లర్ తగిలించి, ట్రెంట్ అని పేరు పెట్టారు. టర్బోప్రాప్ శక్తితోనే ఎగిరిన మొదటి విమానం అదే. ప్రొపెల్లర్ నేలకు తగలకుండా చక్రాల కాళ్లు పొడుగు చేయాల్సి వచ్చింది. తోక మీద అదనంగా చిన్న నిలువు ఫిన్‌లు కూడా పెట్టాల్సి వచ్చింది. ఫిన్‌లు ఎందుకు? గురుత్వ కేంద్రానికి ముందు తిరిగే ప్రొపెల్లర్ ముక్కును పక్కకు తిప్పే గుణాన్ని పెంచుతుంది. జెట్‌గా ఉన్నప్పుడు చక్కగా నిలిచిన అదే విమానానికి, ప్రొపెల్లర్ తగిలించగానే తోక చాలలేదు. రెక్కల మీద ప్రొపెల్లర్లున్న ప్రతి విమానానికీ ఈ గుణం ఎంతో కొంత ఉంటుంది. మా కేసుకూ ఉంది.

ఫిర్యాదు

లాగ్ బుక్‌లో మొదటి స్నాగ్ ఇలా ఉంది: అప్రోచ్‌లో (దిగడానికి రన్‌వే వైపు వస్తున్నప్పుడు) పవర్ లివర్లు రెండూ ఫ్లైట్ ఐడిల్‌కు (గాలిలో అనుమతించిన కనిష్ఠ శక్తికి) తీస్తే విమానం కుడికి లాగుతోంది, కుడి ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఎడమదానికన్నా తక్కువ. తరువాతి వారాల్లో వేరే వేరే క్రూలు ఇంచుమించు ఇదే రాశారు. ఫ్లేర్‌లో (నేలకు ఆనే ముందు ముక్కు ఎత్తే దశలో) ఎడమ రడ్డర్ పెడల్ (ముక్కును పక్కకు తిప్పే తోక చుక్కానిది) గట్టిగా తొక్కి పట్టుకోవాల్సి వస్తోందని ఒక కెప్టెన్ అదనంగా రాశాడు. కుడివైపు నుంచి గాలి వీచే రోజు అయితే గాలి లాగుడు, ఇంజిన్ లాగుడు రెండూ ఒకటై, చక్రం నేలకు ఆనే లోపల చేతులు, కాళ్లు తీరిక లేకుండా ఆడాల్సిందే.

టేకాఫ్‌లో గానీ, ఎత్తున పోతున్నప్పుడు గానీ ఏ తేడా లేదు. గ్రౌండ్ రన్‌లో కూడా లేదు. ఏ స్నాగ్‌లోనూ ఆ సార్టీ (ఒక విడత ఎగరడం) ఎంతసేపు సాగిందో, ఎంత ఎత్తున ఎగిరారో రాయలేదు. ఎవరూ అడగనూ లేదు.

మొదట చేసినవి

యూనిట్‌లో పనిచేసినవాళ్లు తెలివైనవాళ్లు. ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది, అందుకే ఆ వరుస చెప్పడం అవసరం.

ముందుగా ఆర్‌పీఎం గేజీలను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చారు. తక్కువ రీడింగ్ గేజీతో పాటు వెళ్లకుండా కుడి ఇంజిన్ దగ్గరే ఉండిపోయింది. అంటే గేజీ అబద్ధం చెప్పడం లేదు. మంచి అడుగు, ఖర్చు లేని అడుగు.

తరువాత కుడి ప్రొపెల్లర్ గవర్నర్ మార్చారు. ఆర్‌పీఎం పట్టి ఉంచేది గవర్నర్ కాబట్టి, ఆర్‌పీఎం తగ్గితే దాన్నే అనుమానించారు. మార్చాక గ్రౌండ్ రన్ బాగుంది. మరుసటి సార్టీ దగ్గరలోనే, ఓ అరగంట. క్రూ ఏమీ లేదన్నారు. స్నాగ్ మూసేశారు. ఆ వారంలోనే దూరపు సార్టీ ఒకటి పడింది, స్నాగ్ తిరిగొచ్చింది. తీసిన గవర్నర్ ఓవర్‌హాల్‌కు వెళ్లి, లోపం ఏమీ లేదన్న చీటీతో వెనక్కి వచ్చింది.

గవర్నర్‌ను అప్పుడే పక్కన పెట్టగలిగే ఆధారం నిజానికి లాగ్ బుక్‌లోనే ఉంది. గవర్నర్ బ్లేడు కోణాన్ని మార్చి ఆర్‌పీఎం నిలబెడుతుంది. ఇంధనం తగ్గేకొద్దీ, వేగం తగ్గేకొద్దీ అది బ్లేడును సన్నకోణం వైపు జరుపుకుంటూ పోతుంది. చివరికి బ్లేడు ఫ్లైట్ ఫైన్ స్టాప్ (గాలిలో బ్లేడు ఇంకా సన్నకోణానికి పోకుండా ఆపే హద్దు) మీద ఆనుతుంది. ఆనాక గవర్నర్ చేయగలిగింది లేదు. బ్లేడు కదలదు, ఆర్‌పీఎం ఇంధనాన్ని బట్టి, గాలి వేగాన్ని బట్టి తేలుతుంది. అప్రోచ్‌లో రెండు ఇంజిన్ల ఆర్‌పీఎం కూడా గవర్నర్ పట్టాల్సిన విలువకన్నా కిందే ఉంది. అంటే బ్లేడ్లు రెండువైపులా స్టాప్ మీదే ఉన్నాయి. ఆ సమయంలో గవర్నర్ కొత్తదైనా పాతదైనా ఒకటే.

మూడోది, ఫ్లైట్ ఫైన్ స్టాప్ మీద బ్లేడు కోణం. ప్రొట్రాక్టర్ పెట్టి రెండువైపులా కొలిచారు. రెండూ పరిమితిలోనే ఉన్నాయి, ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఈ కొలత తీసినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. దీనితో ఒక దారి పూర్తిగా మూసుకుపోయింది. కుడి స్టాప్ మరీ సన్నగా ఉండి ఉంటే కుడి ప్రొపెల్లర్ ఎక్కువ డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) ఇచ్చేది, నిజమే. కానీ సన్నకోణంలో బ్లేడు గాలిని తేలిగ్గా కోస్తుంది కాబట్టి దాని ఆర్‌పీఎం ఎక్కువగా ఉండేది. ఇక్కడ డ్రాగ్ ఎక్కువ, ఆర్‌పీఎం తక్కువ. కోణాలు సమానమైతే ఈ రెండూ కలిసి కనిపించే మార్గం ఒక్కటే: ఒకవైపుకు అందే ఇంధనం రెండోవైపుకన్నా తక్కువ.

నాలుగోది ఆ తర్కం ప్రకారమే చేశారు. కుడి ఇంజిన్ ఫ్లైట్ ఐడిల్ ఇంధనాన్ని, అనుమతించిన పరిధిలోనే, కొద్దిగా పెంచారు. దూరపు సార్టీల్లో లాగుడు బాగా తగ్గింది. అయితే దగ్గర సార్టీల్లో విమానం ఎడమకు లాగడం మొదలైంది.

నన్ను పిలిచింది అప్పుడు. ఒకే విమానం, ఒకే సర్దుబాటు. పొద్దున అరగంట సార్టీలో ఎడమకు, మధ్యాహ్నం రెండు గంటల సార్టీలో కొంచెం కుడికి. యూనిట్‌లో అందరూ విసిగిపోయి ఉన్నారు. ఇంజిన్ మార్చేద్దామన్న మాట కూడా వచ్చింది. నాకైతే లాగుడు అలా దిశ మార్చుకోవడమే అప్పటిదాకా దొరికిన వాటిలో అన్నిటికన్నా విలువైన ఆధారంగా కనిపించింది. స్థిరమైన లోపాన్ని స్థిరమైన సర్దుబాటు సరిచేస్తుంది. ఇక్కడ సరిచేయలేదు. కాబట్టి ఎగురుతున్నంతసేపట్లో మారే లోపమిది.

ఎందుకు ఇంజిన్ మార్చవద్దన్నాను

ఈ నిర్ణయం దగ్గర కాస్త ఆగాలి. టర్బోప్రాప్‌లో ఇంజిన్ ఒకటే కాదు, ప్రొపెల్లర్ ఒకటే కాదు. రెంటినీ కలిపే చోట్లు ఉంటాయి. గేర్, క్లచ్, గవర్నర్, లివర్ నుంచి ఇంధన యూనిట్ దాకా పోయే లింకు. తొలి తరం సైనిక టర్బోప్రాప్‌లను దెబ్బతీసిన రోగాలు చాలావరకు ఆ చోట్లలోనే పుట్టాయి.

డగ్లస్ ఏ2డీ స్కైషార్క్‌నే తీసుకోండి. అమెరికా నౌకాదళం కోసం చేసిన దాడి విమానం, 1950 మే 26న తొలిసారి ఎగిరింది. దాని అలిసన్ టీ40 అంటే నిజానికి రెండు టీ38 ఇంజిన్లు పక్కపక్కన పెట్టి, ఒకే గేర్‌బాక్స్‌కు కలిపి, ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లను నడిపే ఏర్పాటు. ఒకదాన్ని ఆపినా రెండోది ఎగరేస్తుందన్నది ఆలోచన. 1950 డిసెంబర్ 19న ఒక సగం ఇంజిన్ శక్తి కోల్పోయింది, క్లచ్ విడిపోలేదు. బాగున్న సగం ఇచ్చే శక్తిని చచ్చిన సగంలోని కంప్రెసర్ తినేసింది. విమానం కూలి, నౌకాదళ పైలట్ ప్రాణాలు పోయాయి. ఆ తరువాత మరో స్కైషార్క్‌కు గేర్‌బాక్స్ విఫలమై గాలిలోనే ప్రొపెల్లర్ ఊడిపోయింది. ఆ పైలట్ క్షేమంగా దిగగలిగాడు. విచిత్రం ఏమిటంటే లోపలి టీ38 మంచి ఇంజిన్. దాని నుంచి వచ్చిన టీ56 సీ-130 హెర్క్యులిస్ రవాణా విమానాలను దశాబ్దాల పాటు మోసింది.

అదే కాలంలో బ్రిటన్‌లో ఫెయిరీ గానెట్ కూడా రెండు ఇంజిన్లను జతచేసింది. దాని డబుల్ మాంబాలో ఒక్కో సగం తన సొంత ప్రొపెల్లర్‌నే తిప్పుతుంది, ఒకదానితో ఒకటి ముడిపడవు. సముద్రం మీద గస్తీ తిరిగేటప్పుడు ఒక సగాన్ని ఆపేసి ఇంధనం ఆదా చేసేవారు. గానెట్ సంవత్సరాల తరబడి సేవలో నిలిచింది, స్కైషార్క్ సేవలోకి రానే లేదు. రెంటి మధ్య పెద్ద తేడా ఆ కలయిక దగ్గరే ఉందని నా అభిప్రాయం.

వెస్ట్‌లాండ్ వైవర్న్ తొలి నమూనా 1946 డిసెంబర్‌లో పిస్టన్ ఇంజిన్‌తో ఎగిరింది. పైథాన్ టర్బోప్రాప్ పెట్టినది 1949 మార్చిలో ఎగిరింది. స్క్వాడ్రన్‌కు అందింది 1953 మేలో. పైథాన్ ఆర్‌పీఎం పెద్దగా మారదు. లివర్ జరిపితే థ్రస్ట్ (ముందుకు తోసే బలం) మారడమన్నది ప్రొపెల్లర్ కోణం మారడాన్ని బట్టి ఉంటుంది. నౌక మీద దిగే పైలట్‌కు ఆ స్పందన వెంటనే కావాలి. దాన్ని కుదర్చడానికే ఏళ్లు పట్టాయి. టుపోలెవ్ 95 మొదటి నమూనాదీ ఇదే బాధ: దాని ఇంజిన్లూ జంట ఇంజిన్లే. 1953 మే 11న ఒకదాని రిడక్షన్ గేర్ పగిలి మంటలు లేచి విమానం పోయింది. తరువాత జంటలను వదిలి ఒకే పెద్ద ఎన్‌కే-12కు వచ్చారు. విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన టీయూ-142కు ఉన్నవి ఆ ఇంజిన్లే. అటు వెళ్లినవాళ్లు రెండు వరుసల బ్లేడ్లను కింద నిలబడి చూడొచ్చు. ఎదురెదురుగా తిరిగే ఆ భారాన్నంతా మోసే గేర్ ఎంతటిదై ఉంటుందో అక్కడ అర్థమవుతుంది.

ఈ చరిత్ర నాకు అలంకారం కాదు, పనిముట్టు. లోపం ఎగురుతుంటే మారుతోందంటే ఇంజిన్ కడుపులో వెతికే ముందు కలిపే చోట్లు చూడాలి. గవర్నర్‌ను తర్కం తప్పించింది, బ్లేడు స్టాప్‌ను కొలత తప్పించింది. మిగిలింది ఇంధనం. ఇంధన యూనిట్‌కు ఆజ్ఞ తీసుకెళ్లేది లివర్, లివర్ నుంచి ఇంజిన్ దాకా పోయేది కేబుల్.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. కుడివైపు ఇంధనం తక్కువ అని అందరూ అంటున్నారు. దేనికన్నా తక్కువ? ఎడమదానికన్నా. మరి ఎడమది సరిగ్గా ఉందని ఎవరు చెప్పారు? రెండు ఇంజిన్ల విమానంలో లాగుడు అనేది తేడా. అది ఎటు లాగుతుందో చెబుతుందే గానీ ఎవరిది తప్పో చెప్పదు. ఎడమ ప్రొపెల్లర్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ తోస్తున్నా ముక్కు కుడికే తిరుగుతుంది, కుడి ఆర్‌పీఎమ్మే తక్కువగా కనిపిస్తుంది.

ఈ మాట అన్నప్పుడు అక్కడి సార్జెంట్ నిజాయితీగానే అడిగాడు: “సార్, ఎడమదాని మీద స్నాగ్ ఎప్పుడూ రాలేదు కదా. బాగున్నదాన్ని ఎందుకు విప్పడం సార్?” అతని భయం అర్థం చేసుకోదగ్గదే. కంట్రోల్ కేబుల్‌ను ముట్టుకుంటే డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ (రెండో వ్యక్తి మళ్లీ తనిఖీ చేయడం), మళ్లీ రిగ్గింగ్ (కేబుల్ బిగువు, అమరిక సర్దడం), మళ్లీ టెస్ట్ ఫ్లైట్. కాబట్టి విప్పకుండానే ముందు ఎగిరి చూద్దామన్నాను. ఆ ముందు కుడివైపు పెంచిన ఐడిల్ ఇంధనాన్ని పాత విలువకు తెప్పించాను. సర్దుబాటు మీద సర్దుబాటు ఉండగా తీసే ఏ కొలతనూ నమ్మలేం.

టెస్ట్ ఫ్లైట్

క్రూతో కూర్చుని ఏం చేయాలో ముందే కాగితం మీద రాసుకున్నాం. పవర్ లివర్ల పక్కన మాస్కింగ్ టేప్ అతికించి, ఫ్లైట్ ఐడిల్ గేటుకు (లివర్‌ను అంతకన్నా కిందికి పోనివ్వని ఆపుడుకు) కొద్దిగా పైన పెన్సిల్‌తో ఒక గీత గీశాం. లివర్‌ను పైనుంచి కిందికి తెచ్చి ఆ గీత దగ్గర ఆపాలి, ఇంధన ప్రవాహం రాసుకోవాలి. తరువాత గీతకు కిందికి, గేటు దాకా మాత్రమే దించి, మళ్లీ పైకి తెచ్చి అదే గీత దగ్గర ఆపాలి, మళ్లీ రాసుకోవాలి. ఒకసారి ఒక లివరే. గాలిలో ఉండగా గేటు ఎత్తి కిందికి పోకూడదన్నది అందరికీ తెలిసినా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాం. టార్క్ మీటర్ (షాఫ్ట్‌ను తిప్పే బలాన్ని చూపేది) బదులు ఇంధన ప్రవాహం ఎందుకంటే, సున్నా దగ్గర టార్క్ సూది మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇదంతా రెండుసార్లు చేయాలి: పైకి ఎక్కిన వెంటనే ఒకసారి, 20,000 అడుగుల దగ్గర గంటకు పైగా ఎగిరి దిగుతున్నప్పుడు అదే ఎత్తులో, అదే వేగంలో మరోసారి. ఎగరడానికి ముందు, ఎగురుతూ, ఈ మధ్యలో మారేవి ఏమిటని ఆలోచిస్తే నాకు తోచింది చలి. ప్రామాణిక వాతావరణంలో ఆ ఎత్తున మైనస్ 25 డిగ్రీలు. దగ్గర సార్టీల్లో విమానం అంత ఎత్తుకు పోదు, పోయినా అంతసేపు ఉండదు.

మొదటి విడతలో రెండువైపులా, పైనుంచి వచ్చినా కిందినుంచి వచ్చినా రీడింగ్ ఇంచుమించు ఒకటే. చలిలో నానాక తీసిన రెండో విడతలో కుడిది అలాగే ఉంది. ఎడమది మారింది. పైనుంచి దించి గీత దగ్గర ఆపితే ప్రవాహం ఎక్కువ, కిందినుంచి తెస్తే తక్కువ. గేజీ మీద ఎవరైనా చూడగలిగేంత తేడా. లివర్ ఒకే చోట ఉంది, ఇంజిన్ దగ్గర కేబుల్ లాగే చేయి (ఇంధన యూనిట్ మీది కడ్డీ) మాత్రం ఒకే చోట లేదు. బ్రేకు తీగ వదులైన సైకిల్‌కు లివర్ కొంతదూరం ఊరికే వచ్చినట్టు, ఇక్కడ లివర్ కదిలిన తొలి భాగం కేబుల్ వదులులోనే పోతోంది. అప్రోచ్‌లో లివర్‌ను గేటు దాకా దించినా ఎడమ ఇంధన యూనిట్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఎడమ ప్రొపెల్లర్ ఇంకా కొంచెం తోస్తోంది. ముక్కు కుడికి పోతోంది.

దిగాక కెప్టెన్ ఒక మాట గుర్తుచేసుకున్నాడు. దిగే ముందు ఎత్తులో టార్క్‌లు సమం చేసినప్పుడు రెండు లివర్ల మధ్య చిన్న ఎడం ఉంటోందట, కొన్నాళ్లుగా అలవాటైపోయి ఎవరూ పట్టించుకోలేదట. అది విన్నాక మిగతా ముడి కూడా విడింది. టేకాఫ్‌లో, క్రూజ్‌లో పైలట్ గేజీ చూసి లివర్లు సర్దుతాడు, కాబట్టి కేబుల్ తేడాను పైలట్ చేయే దిద్దేస్తుంది. గేటు మీద మాత్రం లివర్లు రెండూ ఇనుప ఆపుడుకు ఆనుతాయి, చేతికి దిద్దే అవకాశం ఉండదు.

హ్యాంగర్‌లో దొరికింది

విమానాన్ని రాత్రంతా హ్యాంగర్‌లో ఉంచి, తెల్లవారాక కేబుళ్లకు టెన్షన్ (బిగువు) మీటర్ పెట్టాం. కుడి కేబుల్ చార్ట్ (ఏ ఉష్ణోగ్రతకు ఎంత టెన్షన్ ఉండాలో చెప్పే పట్టిక) చెప్పిన విలువ దగ్గరే ఉంది. ఎడమది సగానికి అటూ ఇటుగా ఉంది.

కారణం కోసం పాత వర్క్ కార్డులు తిరగేశాం. గత పెద్ద ఇన్‌స్పెక్షన్‌లో రెండు కేబుళ్లూ మార్చారు. ఎడమదాన్ని రిగ్ చేసింది మే నెల మధ్యాహ్నం, విమానాన్ని ఎండలోంచి హ్యాంగర్‌లోకి తోసిన కొద్దిసేపటికే. కుడిదాన్ని మరుసటి పొద్దున. రెండుసార్లూ చార్ట్ చూసే టెన్షన్ పెట్టారు, కార్డు మీద సంతకాలన్నీ ఉన్నాయి. అయితే చార్ట్‌కు కావాల్సింది విమానం ఒంటి ఉష్ణోగ్రత. కార్డులో రాసింది గోడకు తగిలించిన థర్మామీటర్ చెప్పే గాలి ఉష్ణోగ్రత. పొద్దున ఆ రెండూ ఒకటే. మే మధ్యాహ్నం ఎండలో నిలబడి వచ్చిన అల్యూమినియం గాలికన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది.

అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది, కార్బన్ స్టీల్ కేబుల్ సుమారు 12 వంతులు. తేడా 11. పది మీటర్ల కేబుల్ దారికి పదిహేను డిగ్రీల పొరపాటు అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల పైనే. వేడికి సాగిన విమానంలో కేబుల్‌ను తక్కువ టెన్షన్‌కు బిగించారు, విమానం చల్లారాక ఆ టెన్షన్ ఇంకా పడిపోయింది. పైన ఎగిరేటప్పుడు కేబిన్ లోపలి భాగం వెచ్చగానే ఉంటుంది. రెక్క ముందు అంచులో పోయే ఓ నాలుగు మీటర్లు అనుకుంటే, 60 డిగ్రీలు పడిపోతే అక్కడ మరో రెండున్నర మిల్లీమీటర్లు. సరిగ్గా బిగించిన కేబుల్ దీన్ని తట్టుకుంటుంది, ఎందుకంటే చార్ట్ తయారుచేసినవాళ్లు ఆ చలిని లెక్కలో వేసే విలువ ఇచ్చారు. ముందే సగం పోగొట్టుకున్న కేబుల్ తట్టుకోలేదు. ఇంజిన్ దగ్గరి చేయి చిన్నది. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల వదులు అంటే కొన్ని డిగ్రీల కోణం. ఐడిల్ దగ్గర అది చాలా ఎక్కువ.

ఎడమ కేబుల్‌కు సరైన టెన్షన్ పెట్టి, రెండువైపులా రిగ్గింగ్ సరిచూసి, అదే టెస్ట్ ఫ్లైట్ మళ్లీ ఎగిరాం. తేడా చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. అక్కడితో ఆపేయమని ఒత్తిడి వచ్చింది, విమానం పరిమితుల్లోనే ఉంది మరి. నేను ఒప్పుకోలేదు. కేబుల్ వదులైనంత మాత్రాన ఇంజిన్ చేయి వెనకబడదు. దాన్ని పట్టి ఉంచే రాపిడి ఏదో ఉండాలి. వదులు, రాపిడి రెండూ ఉంటేనే ఈ లక్షణం వస్తుంది. వదులును తీసేశాం, రాపిడి ఇంకా ఉంది.

కేబుల్ విప్పి దారిలోని పుల్లీలను ఒక్కొక్కటే వేలితో తిప్పుతూ పోయాం. ఎడమ నాసెల్‌కు (ఇంజిన్ తొడుగుకు) ముందున్న ఒక పుల్లీ మిగతావాటిలా వదిలాక తిరగలేదు, వేలు తీయగానే ఆగిపోయింది. బేరింగ్‌లో గ్రీజు ఎండి గట్టిపడి ఉంది. హ్యాంగర్ వేడిలో కాస్త మెత్తబడుతుంది, చలిలో బిగుసుకుంటుంది. పుల్లీ మార్చాక ఎగిరినప్పుడు నాలుగు రీడింగులూ కలిశాయి. అప్రోచ్‌లో లివర్లు రెండూ గేటు మీద ఆనించి, పాదాలు రడ్డర్ మీద ఊరికే పెట్టి కెప్టెన్ సెంటర్‌లైన్ మీద దింపాడు.

తరువాత మార్చినవి

రిగ్గింగ్ వర్క్ కార్డులో ఉష్ణోగ్రత గడిని రెండు చేయించాం: ఒకటి గాలిది, రెండోది రెక్క లోపలి నిర్మాణానికి థర్మామీటర్ ఆనించి తీసేది. రెంటి మధ్య తేడా ఉంటే, అది తగ్గేదాకా విమానాన్ని నీడలో ఉంచాలి, ఆ తరువాతే టెన్షన్ పెట్టాలి. రెండువైపుల కేబుళ్లనూ ఒకే పూట, ఒకే మీటర్‌తో చూడాలి. వేసవిలో దీనివల్ల ఒక రోజు పోతుందని అభ్యంతరం వచ్చింది, నిజమే, పోతుంది. పొద్దున పూట పెట్టుకుంటే పోదు.

స్నాగ్ రాసే క్రూలకు మూడు సంగతులు అదనంగా రాయమని చెప్పాం: సార్టీ ఎంతసేపు, ఎంత ఎత్తున, లోపం కనిపించింది ఎక్కిన వెంటనేనా, దిగేటప్పుడా. మొదటి స్నాగ్‌లోనే ఇవి ఉండి ఉంటే గవర్నర్ మీదికి చేయి పోయేది కాదని నా నమ్మకం. గవర్నర్ మార్చాక ఎగిరిన అరగంట సార్టీ లోపం పోయిందని చెప్పలేదు, లోపం కనిపించే పరిస్థితే రాలేదని చెప్పింది. స్నాగ్ ఏ పరిస్థితిలో వచ్చిందో అదే పరిస్థితిలో ఎగిరితేనే దాన్ని మూయాలని ఇప్పుడు ఆ యూనిట్‌లో నియమం.

ఒకటి ఇంకా నడుస్తోంది. ఆ పుల్లీకి గ్రీజు పెట్టే గడువు క్యాలెండర్ ప్రకారం ఉంది, ఎగిరిన గంటలను బట్టి లేదు. ఎండల్లో బయట నిలబడే విమానాలకు ఆ గడువు మరీ ఎక్కువన్నది నా అభిప్రాయం. అదే రకం మిగతా విమానాల మీద, తెరిచిన ప్రతి సందర్భంలోనూ, వేలితో తిప్పి చూసి ఫలితం కార్డు మీద రాయమని అడిగాను. ఆ కార్డులు పోగవుతున్నాయి. గడువు తగ్గించమని రాసే ఉత్తరానికి అవే జతచేస్తాం.